మేతకు వంతు, గడ్డికి విశ్రాంతి

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడిన పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో ఏటి ఒడ్డున పశువులు మేసే తీరునూ, ఆ మేత వల్ల ఏటికి, గడ్డికి, పశువుకి కలిగే మేలుకీడులనూ ఈ ప్రసంగం పరిశీలిస్తుంది. ఇందులో చెప్పదలచిన ఆచరణ సూత్రం ఒక్కటే. ఏటి ఒడ్డున పశువును మేపడం తప్పు కాదు. ఒకేచోట, ఏడాది పొడవునా, విరామం లేకుండా మేపడం వల్లనే నష్టం వస్తుంది. కాబట్టి మేతకు వంతు ఉండాలి, గడ్డికి విశ్రాంతి ఉండాలి. శ్రోతలు ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొంటే మిగిలినదంతా దానికి వివరణ మాత్రమే.

ముందుగా ఈ నేల స్వభావాన్ని గమనించాలి. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో మొగిలి ఘాటు ఎక్కినా, తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో భాకరాపేట ఘాటు ఎక్కినా నేల తీరు మారిపోతుంది. తూర్పున స్వర్ణముఖి పారే తిరుపతి, శ్రీకాళహస్తి మైదానం కంటే ఇది ఎత్తైన పీఠభూమి. బండరాతి గుట్టలు, వాటి మధ్య పలుచని ఎర్రనేలలు, గుట్టల నుంచి దిగే వంకలు, ఆ వంకలన్నీ చేరే ఏర్లు దీని రూపురేఖలు. పలమనేరు అడవుల్లో పారే కౌండిన్య నది తమిళనాడులోని గుడియాత్తం వైపు దిగి పాలారులో కలుస్తుంది. మదనపల్లె వైపు నుంచి పారే బాహుదా నది చెయ్యేరు ద్వారా పెన్నకు చేరుతుంది. ఈ నదుల్లో నీరు ఏడాదంతా పైకి కనిపించదు. వానలు వచ్చినప్పుడు ఉరవడిగా పారి, ఆ తరువాత ఇసుక అడుగుకు చేరి ఊటగా నిలిచి ఉంటుంది. ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరడం, పూర్వం ఊటకాలువలు తీసి పొలాలు తడపడం ఈ స్వభావం వల్లనే సాధ్యమయ్యాయి.

ఏరు ఎండి ఉన్నట్టు కనిపించినా ఒడ్డు వెంబడి సన్నని పట్టీలో తేమ నిలిచి ఉంటుంది. గుట్టల మీద గడ్డి ఎండిపోయిన మాఘ, ఫాల్గుణ మాసాల్లో కూడా ఆ పట్టీలో గరిక, తుంగ, రెల్లు పచ్చగా ఉంటాయి. కానుగ, నేరేడు, ఏరుమద్ది, వావిలి వంటి చెట్లు నీడనిస్తాయి. ఏటి అంచున తేమను ఆధారం చేసుకొని పెరిగే ఈ వృక్షసంపద గల పట్టీనే ఈ ప్రసంగంలో ఏటి దరి అంటున్నాము. దరి ఊరి మొత్తం భూమిలో చాలా చిన్న భాగం. కానీ వేసవిలో పశువుకు కావలసిన నీరు, నీడ, పచ్చిమేత మూడూ ఒకేచోట దొరికేది అక్కడే. అందుచేత కాపరి తోలినా తోలకపోయినా పశువు దరికే వెళుతుంది, వెళ్లిన తరువాత పొద్దు వాలేదాకా అక్కడే ఉండిపోతుంది. సమస్యకు మూలం ఈ నిలిచిపోవడంలోనే ఉంది.

ఈ ప్రాంతపు పశుసంపదను గురించి కూడా కొంత చెప్పుకోవాలి. పుంగనూరు జాతి ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. దాని ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల వరకు ఉంటుంది. తక్కువ మేతతో, గట్టి ఎండలో, కరువు కాలంలో కూడా బతకగలగడం, పాలలో వెన్న శాతం ఎక్కువగా ఉండడం ఆ జాతి విశిష్టతలు. తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని సంరక్షిస్తోంది. అయితే నేడు ఊళ్లలో పాల కోసం పెంచుతున్నవి ఎక్కువగా జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతి ఆవులు. వీటికి దేహం పెద్దది, మేత అవసరం ఎక్కువ, ఎండను తట్టుకొనే శక్తి తక్కువ. అందువల్ల ఇవి బయటికి వదిలినప్పుడు నీడను, నీటిని విడిచి దూరం వెళ్లడానికి ఇష్టపడవు. పశువు మారినప్పుడు ఏటి దరి మీద పడే భారం కూడా మారుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు గడ్డికి విశ్రాంతి ఎందుకు కావాలో చూద్దాం. ఆకు సూర్యరశ్మిని గ్రహించి ఆహారం తయారుచేస్తుంది. అందులో కొంత ఆకు పెరుగుదలకు ఖర్చవుతుంది, కొంత వేరులోను, మొదలులోను నిల్వ చేరుతుంది. పశువు ఆకును కొరికినప్పుడు మొక్క ఆ నిల్వను తీసి కొత్త చిగురు వేస్తుంది. చిగురు ఎదిగి, ఆకై, తిరిగి ఆహారం చేసి నిల్వను పూరించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోగానే పశువు మళ్లీ కొరికితే మొక్క మిగిలిన కొద్ది నిల్వను కూడా ఖర్చుపెట్టవలసి వస్తుంది. వేరులోని నిల్వ రైతు గాదెలో దాచుకొన్న విత్తనపు గింజల వంటిది. గింజలు పండేదాకా ఓపిక పట్టకుండా ఆ విత్తనాన్నే వండుకొని తిన్న ఇంట్లో మరుసటి కారుకు చల్లడానికి ఏమీ మిగలదు. వారం వారం పశువు కొరికిన గడ్డికి కూడా అదే గతి పడుతుంది. వేరు కురచవుతుంది, మొదలు చచ్చిపోతుంది, అక్కడ నేల బయటపడుతుంది.

బయటపడిన నేలను ఖాళీగా ఉంచడం ప్రకృతికి తెలియదు. పశువు తినని మొక్క వచ్చి ఆ చోటును ఆక్రమిస్తుంది. వయ్యారిభామగా పేరుపొందిన పార్థీనియం, ముళ్లతో కూడిన సర్కారు తుమ్మ, గుబురుగా పెరిగే లాంటానా ఏటి గట్ల మీద వ్యాపించడానికి గల కారణాల్లో ఇది ముఖ్యమైనది. సర్కారు తుమ్మ విషయంలో ఒక విశేషం ఉంది. పశువు దాని తీపి కాయలను ఇష్టంగా తింటుంది, గింజలు అరగకుండా పేడలో బయటికి వస్తాయి, ఆ పేడ పడినచోట మొలకెత్తుతాయి. అంటే విరామం లేని మేత మంచి గడ్డిని తొలగించడమే కాకుండా దాని స్థానంలోకి వచ్చే ముళ్లకంపకు విత్తనం కూడా చల్లి పెడుతుంది.

గడ్డి తరువాత గట్టు సంగతి. తడిసిన మట్టి మీద పశువు గిట్ట పడినప్పుడు మట్టి అణిగి గట్టిపడుతుంది, వాన నీరు లోపలికి ఇంకదు, పైపైనే జారి ఏటిలో పడుతుంది. నిటారుగా ఉన్న గట్టు మీద మంద ఎక్కడ పడితే అక్కడ దిగితే అంచు విరిగి, ప్రతి దిగుడు ఒక చిన్న గండిగా మారుతుంది. గరిక, రెల్లు వేర్లు వల అల్లినట్టు మట్టిని పట్టి ఉంచినంతకాలం మామూలు ప్రవాహం గట్టును కోయలేదు. ఆ వేర్లు పోయిన తరువాత చిన్న వరద కూడా కోస్తుంది. 2021 నవంబరులో కురిసిన భారీ వానలకు తిరుపతి దగ్గర స్వర్ణముఖి పొంగిన తీరు, నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన తీరు శ్రోతలకు గుర్తుండే ఉంటాయి. అంతటి వరదను గడ్డి ఆపుతుందని ఎవరూ చెప్పరు. కాని ఏటా వచ్చే చిన్న, నడితరం ప్రవాహాలకు గట్టు కోసుకుపోకుండా కాపాడేది, ఒండ్రును నిలిపి ఇసుకలో ఊట పెంచేది దరిమీది పచ్చదనమే.

మూడవది పశువు ఆరోగ్యం. మంద రోజంతా నిలిచిన చోట గిట్టల గుంటల్లో నీరు, పేడ, మూత్రం కలిసి బురద తయారవుతుంది. ఆ బురదలో నత్తలు పెరుగుతాయి. కార్జపు జలగ అనే పరాన్నజీవి, అంటే మరొక ప్రాణి దేహంలో చేరి దాని మీద బతికే జీవి, తన పెరుగుదలలో కొంత భాగాన్ని నత్త శరీరంలో గడుపుతుంది. తరువాత నీటి అంచున ఉన్న గడ్డిని అంటిపెట్టుకొని, ఆ గడ్డి తిన్న పశువు కడుపులోకి చేరి కార్జాన్ని దెబ్బతీస్తుంది. పశువు చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగి వాపు కనిపించవచ్చు. మందు తాగించడం అవసరమే అయినా, మందు తాగిన పశువును మళ్లీ అదే బురద గడ్డిలో మేపితే రోగం తిరిగి వస్తుంది. గడ్డికి విశ్రాంతి ఇవ్వడం గడ్డి కోసం మాత్రమే కాదు, పాల కోసం, పశువు ప్రాణం కోసం కూడా అని శ్రోతలు గ్రహించాలి.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఏటి క్షీణతకు పశువులే కారణమని, పశువులను ఏటి నుంచి పూర్తిగా వెళ్లగొడితే సరిపోతుందని అనుకోవడం పొరపాటు. ఇసుకను మితిమీరి తోడడం, వాగు పోరంబోకును దున్ని కలుపుకోవడం, బోర్లతో ఊటను లాగివేయడం ఏటికి చేసే హాని ఎక్కువ. మేత భూములు తగ్గినకొద్దీ మిగిలిన చిన్న పట్టీ మీద మంద అంతా పడుతుంది. మేత హక్కు చరిత్రలో పేదవాడు నష్టపోయిన సందర్భాలు కూడా తక్కువ కాదు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం అడవులకు హద్దులు వేసి, మేతకు రుసుము విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. పుల్లరి అని పిలిచే ఆ రుసుమును ఎదిరించి 1921లో పల్నాడు రైతులు సత్యాగ్రహం చేశారు. ఆ పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణం కోల్పోయాడు. 1986లో ఎన్.ఎస్. జోధా అనే ఆర్థికవేత్త మెట్ట ప్రాంతాల గ్రామాలను గురించి ప్రచురించిన అధ్యయనం, ఊరి ఉమ్మడి భూముల మీద భూమి ఉన్నవారి కంటే భూమి లేని పేద కుటుంబాలే ఎక్కువగా ఆధారపడుతున్నాయని చూపింది. కాబట్టి మేతను నిషేధించడం పరిష్కారం కాదు; మేతను క్రమపరచడమే పరిష్కారం.

ఇటువంటి సమస్యనే ప్రపంచంలో మరొక చోట ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకోవడం ఉపయోగకరం. అమెరికా పడమటి రాష్ట్రాలు కూడా గుట్టలు, మెట్టలు, అరుదైన వానలు గల పశుపోషణ ప్రాంతాలు. అక్కడి ప్రభుత్వ భూముల్లో అదుపు లేని మేత వల్ల కలిగిన నష్టాన్ని గుర్తించి 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం చేసి, అనుమతుల పద్ధతిని ప్రవేశపెట్టారు. కానీ అనుమతి ఒక్కటే ఏటి దరిని కాపాడలేదు, ఎందుకంటే అక్కడ కూడా పశువులు ఎండాకాలమంతా నీటి దగ్గరే నిలిచిపోయేవి. నెవడా రాష్ట్రంలో కార్లిన్ పట్టణం సమీపంలోని సూజీ క్రీక్ అనే వాగు వెంట 1990ల నుంచి పశుపోషకులు, ప్రభుత్వ అధికారులు కలిసి మేత కాలాన్ని మార్చారు. మందను తీసివేయలేదు, ఎండలు మండే నెలల్లో వాగు దగ్గర విడవకుండా మేపే అలవాటును మాత్రం మానుకొన్నారు. కొన్నేళ్లలో గట్ల మీద గడ్డి, నీటిచెట్లు తిరిగి పెరిగాయి. ఆ తరువాత కొమ్మలతో చిన్న అడ్డుకట్టలు కట్టుకొనే బీవర్ అనే జంతువులు తిరిగి రావడంతో నీరు మరింతకాలం నిలవసాగింది. ఆ దేశపు వాతావరణం వేరు, భూమి విస్తీర్ణం వేరు, పశువుల సంఖ్య వేరు. అక్కడి పద్ధతిని ఇక్కడ అలాగే దించడం కుదరదు. కాని పశువుల లెక్క కంటే అవి ఎప్పుడు, ఎంతసేపు ఒకచోట ఉంటాయన్నదే ఎక్కువ ముఖ్యమన్న పాఠం మాత్రం పడమటి మండలాలకు కూడా వర్తిస్తుంది.

ఇక ఆచరణకు వద్దాం. ఒక ఊరిని ఊహించుకోండి. ఆ ఊరికి 80 పశువులు, ఊరి వెంట ఒక కిలోమీటరు పొడవున ఏటి దరి, ఏటికి పైన కొంత మిట్ట బీడు ఉన్నాయనుకోండి. ఇప్పుడు ఆ 80 పశువులు రోజూ ఆ కిలోమీటరు పొడవునా తిరుగుతున్నాయి. దీనికి బదులుగా ఊరివారు దరిని నాలుగు భాగాలు చేసి, చెట్లకు సున్నం గుర్తులు వేసుకొంటారు. మంద ఎప్పుడూ ఒక భాగంలోనే మేస్తుంది. మిగిలిన మూడు భాగాలు ఆ సమయంలో విశ్రాంతిలో ఉంటాయి. గడ్డి సగం ఎత్తుకు తగ్గగానే కాపరి మందను పక్క భాగానికి మళ్లిస్తాడు. సగం తినిపించాలి, సగం నిలపాలి. నిలిపిన ఆ సగం ఆకే తిరిగి ఆహారం చేసి వేరును నింపుతుంది. మంద నాలుగు భాగాలు తిరిగి మొదటి భాగానికి వచ్చేసరికి అక్కడ గడ్డి మళ్లీ ఎదిగి ఉంటుంది. ఎదగకపోతే వంతు వచ్చినా ఆ భాగంలోకి మందను వదలకూడదు. తేదీని బట్టి కాక గడ్డిని బట్టి మళ్లించడం ఈ పద్ధతికి ప్రాణం.

వంతుతో పాటు కాలాన్ని కూడా పాటించాలి. చిత్తూరు సీమకు రెండు రుతుపవనాల వానలు ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య వానలు పడతాయి. ఈ నెలల్లో మిట్ట బీళ్లలో గడ్డి మొలుస్తుంది, గుంటల్లో నీరు నిలుస్తుంది. కాబట్టి మందను మిట్టమీదనే మేపి దరిని మూసి ఉంచవచ్చు. గడ్డి కంకి వేసి గింజ రాలడానికి ఈ విరామం ఎంతో అవసరం. గింజ రాలి, గట్టు ఆరిన తరువాత, అంటే సుమారు జనవరి నుంచి మార్చి వరకు, దరిని వంతుల ప్రకారం తెరవాలి. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ జాగ్రత్త పడాలి. ఆ రెండు నెలల్లో మందను దరికి నీళ్లు తాగడానికి మాత్రమే తోలి, తాగిన వెంటనే మళ్లించి, దాచిన వరిగడ్డి, జొన్నచొప్ప, వేరుశనగ కట్టె వంటి మేతను ఊరి దగ్గర నీడలో వేయడం మంచిది. వానల్లో మూసివేత, చలికాలంలో వంతుమేత, ఎండల్లో నీళ్లు తాగించి మళ్లించడం: ఏడాది పని ఈ మూడు మాటల్లో ఇమిడి ఉంది.

నీళ్లు తాగించడానికి ఊరంతటికీ ఒకటి రెండు రేవులు నిర్ణయించుకోవాలి. గట్టు వాలుగా ఉండి, అడుగున రాయి లేదా గట్టి ఇసుక ఉన్న చోటు రేవుకు తగినది. అవసరమైతే రాళ్లు పరచి గట్టిపరచవచ్చు. మంద అక్కడే దిగి అక్కడే ఎక్కితే మిగిలిన గట్టు అంతా క్షేమంగా ఉంటుంది. అంతకంటే మేలైన ఉపాయం మిట్టమీద నీటి తొట్టి కట్టడం. తొట్టి ఉన్నచోట మంద ఏటి దాకా రాదు, బురద గడ్డి తినదు, మిట్టమీద వాడకుండా పోయే గడ్డి కూడా మేతకు వస్తుంది. తొట్టి దగ్గర రెండు మూడు నీడ చెట్లు పెంచి, పశువులు నాకే లవణపు ఇటుకను ఏటికి దూరంగా వేలాడదీస్తే మంద తనంతట తానే ఏటి నుంచి దూరంగా ఉండడానికి అలవాటుపడుతుంది. కౌండిన్య అభయారణ్యం అంచు గ్రామాలకు ఇందులో మరొక మేలు కూడా ఉంది. 1990లో ఏర్పడిన ఆ అభయారణ్యంలో ఏనుగులు కూడా నీటి కోసం ఆ ఏర్లకే వస్తాయి. మంద ఊరి దగ్గర తొట్టి నీళ్లు తాగితే కాపరికి ఏనుగులు ఎదురుపడే ప్రమాదం తగ్గుతుంది.

వంతును ఎవరు నిర్ణయించాలి, ఎవరు కాపాడాలి అన్నది చివరి ప్రశ్న. ఒక్కరు పాటించి పదిమంది పాటించకపోతే గడ్డికి విశ్రాంతి దొరకదు. ఉమ్మడి వనరులను ఊరివారే నియమాలు పెట్టుకొని నిలుపుకోగలరని అనేక దేశాల ఉదాహరణలతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆమె గుర్తించిన లక్షణాలు తెలుగు పల్లెలకు కొత్తవి కావు: హద్దులు అందరికీ తెలియాలి, నియమాన్ని వాడుకొనేవారే చేసుకోవాలి, తప్పు చేసినవారికి మొదట చిన్న జరిమానా ఉండాలి, కాపలా ఊరిదే కావాలి. పొలంలో పడిన పశువును బందెలదొడ్డిలో కట్టి రుసుము వసూలు చేసిన ఆనవాయితీ ఇటువంటిదే. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ విద్యాసంస్థ తన చుట్టూ ఉన్న బీడుగుట్టల్లో మేతను కట్టడిచేసి, చెట్లు పెంచి, వాన నీటిని నిలిపే పనిని దశాబ్దాలుగా చేస్తూ వచ్చింది. విరామం దొరికితే ఈ కరువు నేల కూడా తేరుకొంటుందనడానికి అది దగ్గరలోనే ఉన్న నిదర్శనం. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామ పంచాయతీలకు అప్పగించేందుకు పథకాలు రూపొందించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మేత పోరంబోకు, వాగు పోరంబోకు దక్కించుకోవాలనుకొనే ఊరికి ఆ తీర్పు బలమైన ఆధారం.

విన్న విషయాన్ని మరొకసారి క్లుప్తంగా తలచుకొందాం. ఏటి దరి చిన్నది, దాని అవసరం పెద్దది. పశువు మేయడం వల్ల గడ్డి చావదు. మళ్లీ ఎదిగే లోగానే మేయడం వల్ల చస్తుంది. గడ్డి పోతే గట్టు పోతుంది, బురద పెరిగితే పశువుకు జలగ పడుతుంది. దరిని భాగాలు చేసి వంతుగా మేపాలి. వానల్లో మూసి ఉంచాలి, ఎండల్లో నీళ్లు తాగించి మళ్లించాలి, నీటికి రేవు గానీ తొట్టి గానీ ఏర్పరచాలి.

ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు, ఊరి ఏకాభిప్రాయం చాలు. శ్రోతలలో పశువులున్నవారు ఈ వారంలోనే తమ ఊరి కాపరులతో, పాడిరైతులతో కూర్చొని, ఏటి దరిలో నాలుగవ వంతు భాగాన్ని ఈ వానకాలానికి మూసి ఉంచాలని తీర్మానించుకోండి. గ్రామసభలో ఆ తీర్మానాన్ని రాయించండి. ఒక్క ఏడాది గడిచాక మూసిన భాగాన్ని, మూయని భాగాన్ని పక్కపక్కన చూసి, మిగిలిన దరిని ఏం చేయాలో ఊరివారే నిర్ణయించుకోండి. మేతకు వంతు, గడ్డికి విశ్రాంతి ఇవ్వండి.